మూడు గిటార్ల మీద మాలో వరస

ఐర్లండ్ దక్షిణ భాగంలో, కార్క్ కౌంటీలో, మాలో అని ఒక పట్టణం ఉంది. 18వ శతాబ్దంలో అక్కడి ఊటనీళ్ళు ఒంటికి మంచివన్న పేరు రావడంతో ధనిక కుటుంబాలు వచ్చి దిగేవి. వాళ్ళతోపాటు వచ్చిన కుర్రకారు తాగుడు, అప్పులు, జల్సాల మీద పుట్టిన పాట 'రేక్స్ ఆఫ్ మాలో'. ఆ శతాబ్దం మధ్యనాటికే దాని వరస అచ్చులోకి వచ్చేసింది. పాటలోని మాటలు ఇప్పుడు తక్కువమందికే గుర్తున్నాయి. వరస మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. పోల్కాగానో రీల్‌గానో వాయిస్తే కూర్చున్నవాళ్ళ కాళ్ళు కూడా కదులుతాయి. అమెరికన్ స్వరకర్త లెరాయ్ ఆండర్సన్ 1947 నాటి తన 'ఐరిష్ స్వీట్'లో దీన్ని వాడుకున్నాడు. 1952లో జాన్ ఫోర్డ్ తీసిన 'ది క్వైట్ మ్యాన్' సినిమాలో పొలాలూ వాగులూ దాటుకుంటూ సాగే ఆ పెద్ద ముష్టియుద్ధం వెనక వినిపించేదీ ఇదే.

కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో నేర్చుకున్న తెలుగు పిల్లలకు కూడా ఈ వరస తెలుసు, వేరే పేరుతో. ముత్తుస్వామి దీక్షితులవారు (1775–1835) చెన్నపట్నం పక్కన మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జ్ కోటలో కంపెనీ బ్యాండ్లు వాయించే పాశ్చాత్య వరసలు విన్నారు. వాటికి సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. దాదాపు 40 వరకూ ఉన్న ఆ రచనలను నొట్టుస్వరాలు అంటారు. శంకరాభరణం స్వరాల్లో, గమకాలు లేకుండా, చిన్న పిల్లలకు కూడా పట్టుబడేలా ఉంటాయి. వాటిలో 'వందే మీనాక్షి'కి ఆధారం ఈ మాలో వరసే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వాద్యకారుల దగ్గర ఫిడేలు నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. అంటే ఈ వరస మనదాకా వచ్చిన దారిలోనే ఫిడేలు కూడా వచ్చింది.

ఫిడేలు సంగతి ఎందుకంటే, ఐరిష్ నాట్యవరసల్లో ఎక్కువ భాగం ఫిడేలు, వేణువు, తిత్తి వాద్యాల కోసం పెరిగినవి. షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్, తను కార్క్‌లో పుట్టి వదిలి వచ్చిన ఊరి పాటల మీద మమకారంతో 1903లో 1,850 వరసలను ఒక్క సంపుటంగా అచ్చు వేయించాడు. అందులో ఉన్నది వరస ఒక్కటే. పక్క స్వరాలు లేవు, తోడు వాద్యం ఊసు లేదు. పదిమంది కూర్చున్నా అందరూ అదే వరస వాయించేవారు. గిటారు ఆ సంప్రదాయంలోకి వచ్చింది బాగా ఆలస్యంగా, ముఖ్యంగా 1960, 70 దశకాల్లో. మొరాకో వెళ్ళివచ్చిన డేవీ గ్రాహమ్ అనే ఇంగ్లిష్ గిటారిస్టు ఆరు తీగలనూ డి-ఎ-డి-జి-ఎ-డి అని శ్రుతి చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. బోతీ బ్యాండ్‌లో వాయించిన మిహాల్ ఓ డోనల్ వంటివాళ్ళు దాన్ని ఐరిష్ సంగీతానికి సొంతం చేశారు. వరసనే గిటారు మీద పలికించే పనిని ఆర్టీ మెగ్లిన్ వంటివాళ్ళు భుజాన వేసుకున్నారు.

ఇప్పుడు మూడు గిటార్లు తీసుకుని, ఇంకే వాద్యమూ లేకుండా, ఈ మాలో వరసను నాట్యం ఆడగలిగేలా వాయించాలనుకుందాం. ఒక్క ఫిడేలు సులువుగా చేసే పనికి మూడు గిటార్లు ఎందుకు కావాలి? నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే: ఫిడేలు కమాను ఒక్కటే మూడు పనులు చేస్తుంది. స్వరాన్ని మొదలుపెడుతుంది, నిలబెడుతుంది, దరువు ఊపు ఇస్తుంది. మీటే తీగకు ఆ మూడూ ఒక్కసారిగా చేతకావు. అందుకని మనుషులు పంచుకోవాలి. గిటారు త్రయం అందం ఎంత వేగంగా మీటారన్న దాంట్లో కన్నా ఈ పంపకంలోనే ఎక్కువ ఉంది.

కమాను తీగ మీద నడిచేటప్పుడు దానికున్న రజనం తీగను పట్టుకుని పక్కకు లాగుతుంది. సాగుదల ఎక్కువై తీగ జారిపోతుంది. మళ్ళీ పట్టుకుంటుంది. మాలో వరసలో ఫిడేలు మొదలుపెట్టే జి స్వరం పౌనఃపున్యం 392 హెర్ట్జ్. అంటే కమాను ఆ తీగను సెకనుకు 392 సార్లు పట్టి వదులుతుంది. పట్టిన ప్రతిసారీ కొత్త శక్తి అందుతుంది కాబట్టి కమాను కదిలినంతసేపూ స్వరం బతికి ఉంటుంది. వాద్యకారుడు ఆ శక్తిని మధ్యలో పెంచగలడు, తగ్గించగలడు. ఐరిష్ ఫిడేలులో ఊపంతా ఆ పెంపు తగ్గింపుల్లోనే ఉంటుంది.

గిటారు తీగకు శక్తి అందేది ఒక్కసారే. పిక్‌తో పక్కకు లాగి వదిలిన క్షణాన తీగ త్రిభుజాకారంలో వంగి ఉంటుంది. వదిలాక ఇక దానికి ఖర్చే తప్ప రాబడి లేదు. కొంత శక్తి తీగలు ఆనుకునే బ్రిడ్జి గుండా చెక్కలోకి పోయి ధ్వనిగా మారుతుంది. చాలా భాగం తీగలోనూ చెక్కలోనూ వేడిగా కరిగిపోతుంది. ఇక్కడ తయారీదారుడిని వెంటాడే చిక్కు ఒకటుంది. పైచెక్క పలచగా ఉండి తీగ శక్తిని గబగబా లాగేసుకుంటే శబ్దం పెద్దగా వస్తుంది, త్వరగా చస్తుంది. చెక్క మొండిగా ఉంటే స్వరం చాలాసేపు నిలుస్తుంది కానీ చిన్నగా వినిపిస్తుంది. గట్టిదనమూ నిలకడా రెండూ కావాలంటే ఒకే తీగ దగ్గర దొరకవు.

మాలో వరస మొదటి పాదాన్నే తీసుకుందాం. జి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే, అది షడ్జానికీ గాంధారానికీ మధ్య మూడుసార్లు ఊగి, ఆ వెంటనే నాలుగు వేగమైన స్వరాలతో కిందికి దొర్లుతుంది. తరువాత అదే ఊపును కింది నిషాదానికీ రిషభానికీ మధ్య తిరిగి చేస్తుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో వాయిస్తే ఊగే స్వరాలకు ఒక్కోదానికి 250 మిల్లీసెకన్లు, దొర్లే స్వరాలకు 125 మిల్లీసెకన్లు దక్కుతాయి. రెండు భాగాలను రెండేసి సార్లు వాయిస్తే 64 దెబ్బలు. అరనిమిషం దాటి రెండు సెకన్లకు ఒక చుట్టు పూర్తి.

మామూలు శ్రుతిలో ఉన్న గిటారుకు ఈ వరస పుట్టుకతోనే చుట్టంలా ఉంటుంది. గిటారు ఫిడేలు కన్నా ఒక స్థాయి కింద పలుకుతుంది కాబట్టి మన షడ్జం 196 హెర్ట్జ్. అది మూడో తీగ, ఏ మెట్టూ నొక్కక్కర్లేదు. గాంధారం 247 హెర్ట్జ్. అది పక్కనే ఉన్న రెండో తీగ, దాన్నీ నొక్కక్కర్లేదు. రెండు ఖాళీ తీగలను మార్చి మార్చి మీటుతుంటే ఒకటి తగ్గేలోగా ఇంకొకటి మోగుతూ, స్వరాలు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. కమాను లేని లోటు ఆ ఒకటిన్నర సెకను పాటు తెలియదు. వినేవాడికి ఇదేదో హార్ప్ లాగా ఉందే అనిపిస్తుంది.

చిక్కు రెండో పాదంలో వస్తుంది. నిషాదం 185 హెర్ట్జ్, నాలుగో తీగ నాలుగో మెట్టు మీద. రిషభం 220 హెర్ట్జ్, మూడో తీగ రెండో మెట్టు మీద. ఇప్పుడు మొదటి పాదంలో మోగించిన ఖాళీ తీగలు ఇంకా మోగుతూనే ఉన్నాయి! 220 పక్కన 247 వినిపిస్తే తేడా 27 హెర్ట్జ్. ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు 1965లో చూపించినదాని ప్రకారం, రెండు స్వరాలు చెవికి అన్నిటికన్నా గరుకుగా తోచేది వాటి మధ్య దూరం 'క్రిటికల్ బ్యాండ్' అనే ఒక వెడల్పులో సుమారు నాలుగో వంతు ఉన్నప్పుడు. ఈ స్థాయిలో ఆ వెడల్పు దాదాపు 100 హెర్ట్జ్. నాలుగో వంతంటే 25. మన రిషభమూ, ఆగకుండా మోగుతున్న గాంధారమూ సరిగ్గా ఆ గరుకు చోటనే ఒకదానితో ఒకటి రాసుకుంటాయి.

అందుకే మంచి గిటారిస్టు ఎడమచేతి వేళ్ళను చూడండి. మూడో తీగ మీద రిషభం నొక్కే వేలు కాస్త వాల్చి, దాని మెత్తటి భాగం రెండో తీగకు తగిలేలా పెడతాడు. మోగుతున్న గాంధారం అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ చప్పట్లు కొట్టని పని ఇది, కానీ నాట్యవరస స్పష్టత సగం దీని మీదే ఆధారపడి ఉంది. మీటే తీగను మధ్యలో పెంచలేం, ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఫిడేలు నేర్చుకునేవాడు స్వరాన్ని ఎలా మొదలుపెట్టాలో ఏళ్ళ తరబడి సాధన చేస్తాడు. గిటారు మీద నాట్యవరస వాయించేవాడు ఎక్కడ ఆపాలో అంత శ్రద్ధగా సాధన చేయాలి.

ఇక పంపకం. మొదటి గిటారు ఇలా మామూలు శ్రుతిలో, కింది స్థాయిలో వరస వాయిస్తుంది. రెండో గిటారు ఏడో మెట్టు మీద కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపు, బిగిస్తుంది. సుమారు 65 సెంటీమీటర్ల తీగ అప్పుడు 43 సెంటీమీటర్లే మిగులుతుంది. సి కార్డు పట్టే వేళ్ళతో పట్టుకుంటే వినిపించేది జి. పొట్టి తీగ స్వరం మెరుస్తుంది, త్వరగా ఆరిపోతుంది. దొర్లే నాలుగు స్వరాలకు ఆ గుణం చక్కగా సరిపోతుంది. మూడో గిటారు డి-ఎ-డి-జి-ఎ-డి శ్రుతిలో ఉండి మంద్రమూ దరువూ చూసుకుంటుంది. దాని ఆరో తీగ ఐదో మెట్టు మీద షడ్జం 98 హెర్ట్జ్‌లో పలుకుతుంది. గిటారు పొట్టలోని గాలి శబ్దరంధ్రం గుండా ఊగే సహజ పౌనఃపున్యం కూడా చాలా గిటార్లలో 100 హెర్ట్జ్ అటూ ఇటూ ఉంటుంది. అందుకని ఆ స్వరం గుప్పున లేచి, వెంటనే తగ్గుతుంది. నాట్యానికి కావలసింది సరిగ్గా అదే. కార్క్, కెర్రీ సరిహద్దులో ఉన్న స్లీవ్ లూక్ర ప్రాంతం పోల్కాలకు పెట్టింది పేరు. అక్కడి ఊపు వరుస దెబ్బల మీద కాకుండా దెబ్బల మధ్య ఎత్తుగడ మీద ఉంటుంది. కింద 98 హెర్ట్జ్ దెబ్బ, మధ్యలో అరచేతి అంచుతో అణచిన తీగల చిటపట. మూడో గిటారు మృదంగం లేని లోటు తీరుస్తుంది.

ముగ్గురూ ఒకే చోట ఒకే వరస వాయిస్తే ఏమవుతుంది? గట్టిగా వినిపిస్తుంది కదా అనుకుంటాం. లెక్క అంత ఉదారంగా లేదు. ఒకే తీవ్రతతో మోగే మూడు వాద్యాలు కలిస్తే పెరిగేది 4.8 డెసిబెల్‌లే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి. అంటే మూడు గిటార్లు కలిసి ఒక్క గిటారు కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు కూడా గట్టిగా అనిపించవు. పైగా ఒకే పౌనఃపున్యాల పరిధిలో ఇరుక్కుంటే ఒకదాని స్వరం ఇంకొకదాన్ని కప్పేస్తుంది. మూడు వేరు వేరు ఎత్తుల్లో సర్దుకుంటే మూడూ వినిపిస్తాయి. చాలా కొత్త త్రయాలు గట్టిగా మీటి సాధించాలని చూసేదాన్ని కాపో ఒక్కటి సులువుగా సాధిస్తుంది.

శ్రుతి సంగతి మరింత ఆసక్తికరం. మూడు గిటార్లకు 18 తీగలు. ఒకరి షడ్జం 196 హెర్ట్జ్, పక్కవాడిది 197 అయితే సెకనుకు ఒక విస్పందనం వినిపిస్తుంది. అది ఫర్వాలేదు, కొందరికి ఇష్టం కూడా. అసలు ఇబ్బంది శ్రుతి సరిగ్గా ఉన్నా పోని ఇబ్బంది. గిటారు మెట్లు ఒక స్థాయిని 12 సమాన భాగాలు చేసే లెక్కలో అమరి ఉంటాయి. ఆ లెక్కలో గాంధారం 246.94 హెర్ట్జ్. గొంతుతో పాడేవాళ్ళు సహజంగా పట్టే గాంధారం, అంటే షడ్జంతో 5:4 నిష్పత్తిలో ఉండేది, 245. తేడా రెండు హెర్ట్జ్‌లకు లోపే కానీ పైన ఉండే అనుస్వరాల్లో, అంటే మూల స్వరం పౌనఃపున్యానికి రెట్లలో మోగే స్వరాల్లో, అది బయటపడుతుంది. షడ్జం ఐదో అనుస్వరం 980 హెర్ట్జ్. గాంధారం నాలుగో అనుస్వరం దాదాపు 988. రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు ఎనిమిదిసార్లు ఒక వణుకు పుడుతుంది. మన వరస మొదలయ్యేదే ఈ రెండు ఖాళీ తీగలు కలిసి మోగడంతో! ఫిడేలు వాద్యకారుడు వేలు వెంట్రుకవాసి జరిపి దీన్ని సరిచేస్తాడు. గిటారుకు మెట్లున్నాయి, జరగవు.

దీనికి భౌతికశాస్త్రం ఒక చక్కటి దారి చూపిస్తుంది. తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరాలు పుట్టవు. ఈ సూత్రాన్ని థామస్ యంగ్ 1800లోనే చెప్పాడు. తీగ పొడవులో ఐదో వంతు దగ్గర, అంటే బ్రిడ్జికి 13 సెంటీమీటర్ల దూరంలో మీటితే ఐదో అనుస్వరం అణిగిపోతుంది. నాలుగో వంతు దగ్గర, అంటే 16 సెంటీమీటర్ల దూరంలో మీటితే నాలుగోది అణిగిపోతుంది. షడ్జానికి మనం తగ్గించాలనుకున్నది ఐదోది, గాంధారానికి నాలుగోది. ఆ రెండు చోట్లూ శబ్దరంధ్రం దగ్గరలోనే, ఒకదానికొకటి సుమారు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. పిక్‌కు మందం ఉంటుంది, బ్రిడ్జి కూడా కొంచెం కదులుతుంది కాబట్టి ఆ అనుస్వరాలు పూర్తిగా మాయం కావు. వణుకు మాత్రం చెవికి తెలిసేంత తగ్గుతుంది. చేతి ఆనవాయితీగా అక్కడే మీటే గిటారిస్టులు చాలామంది ఉన్నారు. వాళ్ళ చెవి ఈ లెక్కను తనకు తానే కట్టుకుంది.

మూడో గిటారు కార్డుల్లో గాంధారాన్ని వదిలేసి షడ్జ పంచమాలే పట్టడం వెనక కూడా ఇదే కారణం పనిచేస్తుంది. పంచమం సమాన భాగాల లెక్కలో కూడా సహజ నిష్పత్తికి చాలా దగ్గరగా ఉంటుంది, వణకదు. గాంధారం చెప్పే హక్కు వరస వాయించేవాడికి వదిలేస్తే ఒక్క గొంతు నుంచే వినిపిస్తుంది, గొడవ ఉండదు. డి-ఎ-డి-జి-ఎ-డి శ్రుతి ఐరిష్ సంగీతానికి అంత నప్పడానికి నాకు తోచే పెద్ద కారణం ఇదే. ఖాళీ తీగల్లో గాంధారమే లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయానికి వద్దాం: కలిసి మొదలుపెట్టడం.

1979లో రుడాల్ఫ్ రాష్ అనే డచ్ పరిశోధకుడు ఫిడేలు జాతి వాద్యాల త్రయాలనూ ఊదే వాద్యాల త్రయాలనూ రికార్డు చేసి, ముగ్గురూ కలిసి మొదలుపెట్టాల్సిన స్వరాల్లో ఎవరు ఎంత ముందో వెనకో కొలిచాడు. ఆరితేరిన వాద్యకారుల మధ్య కూడా 30 నుంచి 50 మిల్లీసెకన్ల చెదురు కనిపించింది. విన్నవాళ్ళకు అది తెలియదు. కమానుతో పుట్టే స్వరం పూర్తి బలానికి రావడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది. అంచు మెత్తగా ఉన్నచోట అతుకు కనిపించదు. గిటారు మీటు అలా కాదు, కొన్ని మిల్లీసెకన్లలోనే శిఖరానికి చేరుతుంది. ఇరా హర్ష్ 1959లో చేసిన ప్రయోగాల ప్రకారం రెండు శబ్దాల్లో ఏది ముందో చెప్పడానికి మనిషికి సుమారు 20 మిల్లీసెకన్ల ఎడం కావాలి. అవి రెండు అని పసిగట్టడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. అందుచేత ఫిడేలు త్రయంలో చెల్లిపోయే 40 మిల్లీసెకన్లు గిటారు త్రయంలో చెల్లవు. 125 మిల్లీసెకన్ల స్వరంలో 40 అంటే మూడో వంతు! వినేవాడికి వరస తడబడినట్టు, దెబ్బ రెండుగా చీలినట్టు తెలిసిపోతుంది.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. గాలిలో ధ్వని మీటరు నడవడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చేఫ్ బృందం ఇద్దరిద్దరిని వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి చప్పట్లు ఇంకొకరికి కావాలని ఆలస్యంగా వినిపిస్తూ లయ ఏమవుతుందో చూసింది. ఆలస్యం 11, 12 మిల్లీసెకన్ల దగ్గర ఉంటే నడక నిలకడగా ఉంది. పెరిగేకొద్దీ మందగించింది. అంతకన్నా తక్కువైతే వింతగా వేగం పెరుగుతూ పోయింది. పెద్ద వేదిక మీద ముగ్గురినీ అందం కోసం దూరం దూరంగా, ఒక్కొక్కరి మధ్య పది మీటర్లు వదిలి కూర్చోబెడితే స్వరాలు దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతాయి. ప్రతివాడూ పక్కవాడి కోసం ఆగుతాడు, నాట్యవరస ఈడ్చుకుపోతుంది. దగ్గర దగ్గరగా కూర్చున్న త్రయం వేగం పెంచుకుంటూ పోవడం కూడా మనం తరచూ చూసేదే. దాన్ని ఉత్సాహం అని సరిపెట్టుకుంటాం. కొంత వరకూ అది మనిషి మెదడు లయ సవరించుకునే పద్ధతిలోనే ఉంది.

ఆ సవరింపు ఎలా జరుగుతుందో 2014లో అలన్ వింగ్ బృందం ఫిడేలు జాతి వాద్యాల నలుగురి బృందాల మీద పరిశీలించింది. ఒక్కొక్కరూ ముందరి స్వరంలో పక్కవాళ్ళకూ తనకూ వచ్చిన తేడాలో కొంత భాగాన్ని తరువాతి స్వరంలో దిద్దుకుంటారు. రెండు బృందాలను చూస్తే ఒకదానిలో మొదటి ఫిడేలు వాయించే ఆవిడ మిగతావాళ్ళ కోసం తక్కువగా దిద్దుకుంది, వాళ్ళే ఎక్కువగా ఆవిడ వెంట నడిచారు. రెండోదానిలో నలుగురూ సమానంగా ఒకరికొకరు సర్దుకున్నారు. రెండు పద్ధతులూ పనిచేశాయి. నాట్యవరసకు ఏది మేలు? నా తీర్పు ఏమిటంటే, ఇక్కడ మూడో గిటారు దిద్దుకోకూడదు. వరస వాయించే ఇద్దరూ దానికి సర్దుకోవాలి. నర్తకుడి పాదం వెతికేది 98 హెర్ట్జ్ దెబ్బను. అది కదిలితే అందరూ కదులుతారు. వరస వాయించేవాడికి పేరు ఎక్కువ, కాబట్టి తనే నాయకుడిననుకుంటాడు. లయ విషయంలో అతడు అనుచరుడు కావడమే మంచిది.

ఆ దెబ్బల నడక కూడా గమనించదగ్గది. నిమిషానికి 120 అంటే సెకనుకు రెండు. మనుషులు మామూలుగా అడుగులు వేసే వేగం అటూ ఇటుగా అంతే. శాస్త్రవేత్తలు ఏ వేగం హాయిగా ఉందని అడిగినా జనం ఎక్కువగా ఎంచుకునేది ఆ పరిసరాల్లోనే ఉంటుంది. జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ 2007లో చూపినట్టు, స్పష్టమైన దరువు వింటున్నప్పుడు కదలకుండా పడుకున్నవాళ్ళ మెదడులో కూడా కదలికను నడిపే బేసల్ గాంగ్లియా, దాని అనుబంధ ప్రాంతాలు చురుకవుతాయి. కుర్చీలో కూర్చున్నవాడి మడమ తనకు తెలియకుండా నేలను తట్టడం అక్కడి నుంచే వస్తుంది.

గిటారిస్టుల మెదళ్ళనే నేరుగా చూసినవాళ్ళూ ఉన్నారు. బెర్లిన్ మాక్స్ ప్లాంక్ సంస్థలో ఉల్మన్ లిండెన్‌బర్గర్ బృందం 2009లో ఎనిమిది జంటల గిటారిస్టుల తలలకు ఎలక్ట్రోడ్లు అమర్చి, ఒకే వరసను కలిసి వాయించమంది. మెట్రోనోమ్‌తో నడక కుదుర్చుకునేటప్పుడూ, వరస ఎత్తుకున్నప్పుడూ ఇద్దరి మెదడు తరంగాలు ఒకదానితో ఒకటి ముడిపడినట్టు కనిపించింది. దీన్ని పట్టుకుని సంగీతం ఆత్మలను కలుపుతుందని రాసినవాళ్ళు చాలామంది. అంత దూరం వెళ్ళనవసరం లేదు. ఇద్దరూ ఒకే శబ్దం వింటున్నారు, ఒకే కదలిక చేస్తున్నారు కాబట్టి కూడా అలా కనిపించవచ్చని పరిశోధకులే హెచ్చరించారు. ఒక గదిలో కలిసి వరస ఎత్తుకునే ముందు క్షణంలో వాద్యకారుల ఒంట్లో కొలవదగ్గ ఏర్పాటు ఏదో జరుగుతుందన్నది నిజం. నాకు అంత చాలు.

మరో దారి ఎంచుకున్న త్రయం గురించి కూడా చెప్పాలి. 1991లో అమెరికా, బెల్జియం, జపాన్‌లకు చెందిన ముగ్గురు కలిసి కాలిఫోర్నియా గిటార్ ట్రియో పెట్టారు. వాళ్ళు కలిసింది రాబర్ట్ ఫ్రిప్ నడిపిన గిటారు శిక్షణ తరగతుల్లో. అక్కడి నుంచి తెచ్చుకున్న ఒక పద్ధతిలో వరసలోని స్వరాలను ఒకరి తరువాత ఒకరు ఒక్కొక్కటిగా వాయిస్తారు. మాలో వరసలో దొర్లే స్వరాలను అలా పంచితే, ఒక్కొక్కరికి మీటుకూ మీటుకూ మధ్య 125 మిల్లీసెకన్లకు బదులు 375 దొరుకుతాయి. ఎవరి తీగనూ వెంటనే ఆపనక్కర్లేదు, స్వరం నిండుగా మోగుతుంది. బాక్ వంటి స్వరకర్తల రచనలకు ఇది అద్భుతంగా ఉంటుంది. నాట్యవరసకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. ఒక్క చేయి వరసంతా వాయించేటప్పుడు పైనుంచి కిందికి వేసే మీటు సహజంగానే బలంగానూ, కిందినుంచి పైకి వేసేది తేలికగానూ పడుతుంది. ఆ హెచ్చుతగ్గే ఊపు. ముగ్గురి చేతుల్లోకి పంచితే స్వరాలన్నీ సమానమై అడుగు వేయడానికి చోటు దొరకదు.

మన వీణ ఈ సమస్యలన్నిటినీ ఒక్క దండి మీద ఎలా పరిష్కరించుకుందో గుర్తు చేసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. వరసకు సారణి మొదలు అనుమంద్రం దాకా నాలుగు తీగలు. పక్కన తాళానికీ శ్రుతికీ మూడు తీగలు. వెడల్పాటి బ్రిడ్జి మీద తీగ రాసుకుంటూ మోగడం వల్ల పై అనుస్వరాలు తొందరగా చావకుండా నిలబడతాయి. మూడు గిటార్లు పంచుకునే వరస, నిలకడ, దరువు అనే మూడు పనులనూ వైణికుడు ఒక్క కుడిచేతి వేళ్ళ మధ్య పంచుకుంటాడు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఇదే లోటును విద్యుత్తుతో తీర్చుకున్నాడు. చెక్క మాండొలిన్‌లో స్వరం నిలవదని ఐదు తీగల ఎలక్ట్రిక్ వాద్యం పట్టుకుని, శక్తిని బయటి నుంచి తెచ్చుకున్నాడు.

విజయవాడలోనో హైదరాబాదులోనో గిటారు నేర్చుకుంటున్న పిల్లలకు నాది ఒక్క విన్నపం. ఇంట్లో ఎవరికో 'వందే మీనాక్షి' వచ్చే ఉంటుంది, వాళ్ళ దగ్గర వరస నేర్చుకోండి. ఇంకో ఇద్దరిని వెతుక్కోండి. ఒకరు మామూలు శ్రుతిలో, ఒకరు ఏడో మెట్టు మీద కాపోతో, ఒకరు డి-ఎ-డి-జి-ఎ-డిలో కూర్చోండి. ముగ్గురూ ఒకరి చేతులు ఒకరికి కనిపించేంత దగ్గరగా ఉండండి. నడక మంద్రం వాయించేవాడి చేతిలో పెట్టండి. మొదట నిమిషానికి 80 దెబ్బలతో మొదలుపెట్టి, ఆపాల్సిన తీగలు ఆగుతున్నాయో లేదో వినండి. ఆ ఆపడం కుదిరాకే వేగం పెంచండి. 120కి చేరాక గదిలో ఎవరినైనా లేచి అడుగు వేయమనండి. వాళ్ళ అడుగు తడబడకపోతే మీ త్రయం కుదిరినట్టే.